రొట్టె దాచుకున్న లండన్ మనిషి

నేతపనివాళ్ళుండే కొత్తవాడలో, మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంటి ముందు గదిలో ఇంగ్లాండు కథ నడిచేది.

తాత, నాన్న పక్కపక్కన కూర్చుని మగ్గం మీద జంపఖానా నేసేవాళ్ళు. నానమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడితే నేను అందించేదాన్ని. మా సుగుణత్త గడప మీద కూర్చుని ఒళ్ళో ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని తెలుగులో కథ చెప్పేది...

సుగుణత్త నాన్నకు చెల్లెలు. మా వాడలో ఎం.ఏ. ఇంగ్లీషు దాకా వెళ్ళిన మొదటి ఆడపిల్ల. అన్ని పేపర్లూ పాసై ఒక్కదాంట్లో తప్పింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన బ్రిటిష్ సాహిత్యం... అదీ ఆ పేపరు.

"ఇంకొక్కపారి రాయి సెల్లే. గిప్పుడు సుత పోతే ఇగ సాలు, మగ్గం మీద కూసో" అన్నాడు నాన్న. కోపంగా ఏమీ అనలేదు. మా ఇంట్లో అందరం కూర్చునేది అక్కడే కదా...

అత్త డిక్షనరీ పక్కన పెట్టుకుని పొద్దస్తమానం చదివేది. మాటలకు అర్థాలు దొరికేవి, కథ మాత్రం మనసుకు ఎక్కేది కాదు.

"యుద్ధం గెల్సినోళ్లే గదనే అవ్వా... మరి గింత దిగులు పడుడేందో నాకు సమజైతలేదు" అంది ఒకరోజు నానమ్మతో.

"మాకు చెప్పరాదు బిడ్డా. చెప్తాంటె నీకు సుత సమజైతది" అంది నానమ్మ.

అలా మొదలైంది...

ఆ నవల పేరు నాకు గుర్తు లేదు. లండన్‌లో ఒకామె. బాంబులు పడి ఇల్లు కూలిపోతే ఒక అద్దె గదిలో ఉంటుంది. భర్త యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు, కానీ మాట్లాడడు. ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. చక్కెరకు లైను, మాంసానికి లైను, బొగ్గుకు లైను...

"గెల్సినోళ్లకు సుత రేషనేనా!" అని నానమ్మ నోరు తెరిచింది. అందరం నవ్వాం. ఆ తర్వాత రేషన్ షాపు ముందు నిలబడ్డప్పుడల్లా ఇంగ్లాండోళ్ళ కష్టాలు పక్కవాళ్ళకు చెప్పేది నానమ్మ. వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు.

ఒక మధ్యాహ్నం అత్త ఇలా చెప్పింది.

"ఆయన తిన్నంక రోజు ఒక రొట్టె ముక్క కోటు జేబుల దాసుకుంటడు. పెండ్లాం సూసింది. నేను నీకు కడుపునిండ పెడ్తలేనా అని ఏడ్సింది. ఆయన జవాబియ్యడు..."

రాట్నం ఆగిపోయింది.

ఎందుకంటే మా తాత కూడా అంతే. రోజూ రాత్రి తిన్నాక ఒక జొన్నరొట్టె ముక్క తువ్వాలు కొసకు ముడేసి తలాపున పెట్టుకునేవాడు. తెల్లారాక పిట్టలకు వేసేవాడు. పెళ్ళైన కొత్తలో అది చూసి వాడకట్టులో ఆడవాళ్ళు, కోడలు మొగుడికి సరిగ్గా పెట్టదని నానమ్మను అన్నారట. ఆ మాట ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. అడిగితే తాత లేచి బయటికి పోయేవాడు. పడుచుదనంలో, ఆ యుద్ధం రోజుల్లోనే, ఫౌజులో చేరి బర్మా వెళ్ళొచ్చాడని తెలుసు... అంతకు మించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

తాత పని ఆపాడు. చేతులు పడుగు మీద అలాగే ఉన్నాయి.

"ఎందుకు దాస్తడో బుక్కుల రాసిండ్రా బిడ్డా?"

"లేదు నాయినా, రాయలే. గదే నాకు తెలుస్తలేదు."

అప్పుడు తాతే చెప్పాడు, మగ్గం వైపే చూస్తూ...

"అడవిల పడి నడుస్తున్నం. ఒకటే వాన. తిండి లేదు. నా దోస్తు ఒకడుండె... డోర్నకల్ దిక్కు పిలగాడు. ఆకలైతాందని పండుకున్నడు. పొద్దుగాల లేపితె లెవ్వలే. ఎవ్వని తానన్న బుక్కెడు రొట్టె ఉంటె బతుకునేమో. గప్పటి సంది... పక్కకు ఇంత లేకుంటె నాకు నిద్ర పట్టదు."

నానమ్మ రాట్నం వదిలి తాత వైపు తిరిగింది. "గీ మాట ఇన్నేండ్లల్ల నాకు ఒక్కపారి చెప్పరాదా?"

"చెప్తె నువ్వు సుత నిద్రపోవు గదా..." అన్నాడు తాత.

నానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ రాట్నం అందుకుంది. నాన్న తల ఎత్తలేదు. ఆ రోజు అత్త ఇంక కథ చెప్పలేదు.

రాత్రి అన్నాలయ్యాక నానమ్మే ఒక రొట్టె తీసి తాత తువ్వాలుకు ముడేసింది. ముక్క కాదు, నిండు రొట్టె. తాత పోయేదాకా ఆ ముడి వేసింది ఆమే.

అత్త పాసైంది. గొప్ప మార్కులేం రాలేదు... ఆ నవల్లో భర్త మౌనం గురించి ఒక ప్రశ్న వచ్చిందట. "గైడ్ల ఉన్నది ఒక్క ముక్క రాయలే వదినా" అని మా అమ్మతో చెప్పింది. తర్వాత ఒక జూనియర్ కాలేజీలో చేరి రిటైరయ్యేదాకా ఇంగ్లీషు చెప్పింది. ఏ పాఠమైనా ముందు తెలుగులో కథగా చెప్పాకే పుస్తకం తెరిపించేదట.

ఈమధ్యే మా అమ్మాయి కూడా ఎం.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యమే చదివింది. తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్‌లో సారాంశాలు చూసుకుంటూ... అత్త కంటే చాలా మంచి మార్కులు వచ్చాయి. సంతోషమే. కానీ రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ పిల్ల చదివిన కథల్లో ఒక్కటీ నేను వినలేదు... చెప్పమని నేనూ అడగలేదు.

మీ ఇళ్ళలో ఒకరి పాఠం ఇంటిల్లిపాదీ విన్న రోజులున్నాయా? ఉంటే కింద రాయండి... ఈసారి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వాటిని చదువుతాను.