తాడు లేని బొమ్మ

వెల్డరుకి బొమ్మల పిచ్చి. ఎవరూ నేర్పలేదు, తనే పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. పువ్వులూ పక్షులూ అంటే మొహం తిప్పుకుంటాడు గానీ, బాయిలర్లూ పొగగొట్టాలూ తుప్పు పట్టిన పైపులూ కనిపిస్తే చాలు, నీటిరంగుల పెట్టె తెరిచి కూర్చుంటాడు, పక్కన టీ చల్లారిపోతున్నా లేవడు. ఫ్యాక్టరీలో అందరూ ఆర్టిస్టుగారూ అని పిలుస్తుంటే లోలోపల ఉబ్బిపోయేవాడు కూడా.

ఆ ఉబ్బే ఇప్పుడు కొంప ముంచింది. బావమరిది పరంజా మీంచి పడి, నడుము విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. తాడు కట్టుకోకుండా ఎక్కాడు, తప్పంతా వాడిదే, వైద్యంతో మాకేం సంబంధం అంటోంది కంపెనీ. సాక్ష్యం ఏమిటయ్యా అంటే, ప్రమాదానికి గంట ముందు వెల్డరు వేసి, మురిసిపోతూ మేనేజరు చేతిలో పెట్టిన బొమ్మ! నల్లటి పొగగొట్టం, పక్కనే పరంజా మీద బావమరిది. నడుముకి తాడు లేదు.

తెల్లటి తాడు ఉంది మహాప్రభో! వెల్డరు కళ్లారా చూశాడు. అది తెగబట్టే వాడు పడ్డాడు, తెగిన ముక్కలేమో తర్వాత కనిపించలేదు. కానీ అతని పెట్టెలో తెల్లరంగు లేదు. తెల్లగా కనిపించాల్సిన చోట కాగితాన్ని రంగు తగలకుండా వదిలెయ్యాలి. అంత నలుపు మధ్యలో దారమంత గీత వదలడం మనవాడి వల్ల కాలేదు. ఎవడు చూడొచ్చాడులే అని నలుపు పూసేశాడు.

లేబర్ ఆఫీసులో, విచారణ గది బయట బెంచీ మీద కూర్చుని వెల్డరు ఇదే తలపోస్తున్నాడు. ఉన్నమాట చెప్తే ఎవరు నమ్ముతారు? బావమరిది కాబట్టి వెనకేసుకొస్తున్నాడంటారు. వాడిక మంచం మీద నుంచి లేవకపోతే? పక్కన భార్య ఉంది. ఇంటి గోడల మీంచి ఊడదీసిన అతని బొమ్మల కట్ట ఒళ్లో పెట్టుకుంది. ఇవెందుకే అంటే కట్టని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

లోపల అనుకున్నంతా అయింది. తాడు ఉంది, బొమ్మలో వదిలేశానని చెప్తే, ఇంత గొప్ప ఆర్టిస్టుకి తాడు గియ్యడం రాదా అని మేనేజరు నవ్వాడు. అప్పుడు భార్య లేచి, బొమ్మలన్నీ లేబర్ ఆఫీసరు ముందు పరిచింది. ఆయన ఒక్కొక్కటే తిప్పుతూ క్రేను బొమ్మ దగ్గర ఆగాడు. ఇనప దూలం ఏ ఆధారమూ లేకుండా గాల్లో వేలాడుతోంది.

"దీనికి తీగ ఏదమ్మా?"

"ఆయనకి సన్నగీత రాదండి. స్తంభాలుంటాయి, వైర్లుండవు. పదేళ్లుగా చూస్తున్నా. బాధపడతారని చెప్పలేదు."

వెల్డరు తన బొమ్మల్ని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నిజమే. ఒక్కదాంట్లో కూడా సన్నగీత లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"రాసుకోండి సార్," అన్నాడు చివరికి. "నాకు బొమ్మలు వెయ్యడం రాదు."

ఆఫీసరు రాశాడు. బొమ్మ సాక్ష్యంగా చెల్లదని చదివి వినిపించి, కాగితం ముందుకి జరిపాడు. వెల్డరు సంతకం పెట్టాడు.