మొదటి సాలు

ఇంటర్ జీవశాస్త్రంలో ఆ పాఠం నాలుగైదు పేజీలకు మించదు. నేలలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి జన్యువు తీసి పత్తి మొక్కలో పెడితే, ఆ మొక్కను కొరికిన పురుగు చస్తుంది. ఇంకో సూక్ష్మజీవి జన్యువు పెడితే, గడ్డి మందు కొట్టినా పత్తి చావదు, చుట్టూ ఉన్న కలుపు మాత్రం మాడిపోతుంది. మార్కాపురంలో ఒక కాలేజీలో చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. రంగు సుద్దలతో బాణాలు గీసి గంటలో ముగిస్తాను. పిల్లలు అడిగేది ఒకటే, "సార్, ఇది ఇంపార్టెంటా?" అని. ఇంపార్టెంటే అంటాను. ఎందుకో చెప్పను.

మాది కొమరోలు దగ్గర పల్లె. అమ్మ కలుపు మేస్త్రి. పద్నాలుగు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఊరి చేలన్నీ తిరిగి కలుపు తీయించేది. ఎవరి చేన్లో తుంగ ఎక్కువో, ఎవరి గట్టు పక్క గరిక దాక్కుంటుందో పాస్ పుస్తకం ఉన్నవాళ్లకంటే ఆమెకే బాగా తెలుసు. మాకు మాత్రం సెంటు భూమి లేదు. "ఒక్క ఏడన్నా మన చేన్లో మనం కలుపు తీసుకోవాల" అనేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు. కోరుకోవడానికి ఇంకేం దొరకలేదా అని నేనూ నవ్వాను.

జిల్లాలు విడగొట్టిన మరుసటి ఏడు మా నాయనకు మూడెకరాలు కౌలుకు దొరికింది. చేను గలాయన గిద్దలూరులో ఉంటాడు. "ఈ ఏడు పంట తీసి చూపించు, మంచిగుంటే చేను నీ దగ్గరే ఉంటాది" అన్నాడు. పండకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. అమ్మ ఆ రోజు చేని చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది. ఆమె ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

మా చర్చిలో విత్తనాల ప్రార్థన అని ఒకటుంది. తొలకరి పడ్డాక వచ్చే ఆదివారం ఇంటింటి నుంచీ గుప్పెడు పత్తి విత్తనాలు తెచ్చి బల్ల ముందున్న గంపలో పోస్తారు. పాస్టరు గారు ప్రార్థన చేసి గంపను చేత్తో కలియబెడతారు. పోయేటప్పుడు ప్రతి ఇల్లూ అందులోంచి గుప్పెడు తీసుకుని తమ విత్తనాల్లో కలుపుకుంటుంది. ఇంటి విత్తనం దాచుకునే రోజుల్లో ఇది తెలివైన పద్ధతే. ఒకరిది మొలవకపోతే ఇంకొకరిది నాలుగు గింజలన్నా మొలుస్తుంది. ఇప్పుడన్నీ కంపెనీ విత్తనాలు, మందు పట్టించి రంగు వేసినవి. గంపలో నీలం, గులాబీ, ఆకుపచ్చ గింజలు కలిసి రంగుల బియ్యంలా ఉంటాయి. పాస్టరు గారు ఆమెన్ అనగానే బయటికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంటారు. ఆచారం మాత్రం ఆగలేదు.

ఆ ఏడు ఊళ్లో దాదాపు అందరూ గడ్డి మందుకు చావని పత్తి వేశారు. దానికి సర్కారు అనుమతి లేదు. లేదు కాబట్టి దుకాణంలో బిల్లుండదు, కవరు మీద పేరుండదు. నమ్మకమే రసీదు. ముందే మేలుకున్నవాళ్లు తెలిసిన ఒకచోట నుంచి తెచ్చుకున్నారు. మా నాయన ఆలస్యంగా మేలుకుని, యర్రగొండపాలెం వైపు నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన ఒకాయన దగ్గర కొన్నాడు. అమ్మకు తెలిసి ఇల్లు పీకి పందిరేసింది.

"మా నోట్లో మన్ను కొట్టే విత్తనం మన చేన్లోనే పెడతావా? ఊరంతా మందు కొట్టుకుంటే నా మనుషులు ఎక్కడికి పోవాల?"

నాయన మెల్లగా అన్నాడు, "తెచ్చినాక ఏం చేస్తామే? పెట్టేస్తాం."

"పెడితే పెట్టు. కలుపు మాత్రం నా మనుషులే తీస్తారు. మందు డబ్బా గట్టెక్కితే నేనూరుకోను."

నాయన సరేననలేదు, కాదనలేదు. ఆయన మౌనం సంగతి మాకు తెలుసు. అది ఎప్పుడూ ఒప్పుకోలు కాదు.

విత్తనం పెట్టిన రోజు నేను మార్కాపురంలో ఉన్నాను. నాయన ఎద్దులతో సాళ్లు తోలితే అమ్మ, ఆమె మనుషులు గింజలు పెట్టారు. ఆ తర్వాత వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. నెల తిరిగేసరికి గడ్డి పత్తితో పోటీ పడుతోంది. అమ్మ జట్టు ముందే మాట ఇచ్చిన చేలల్లో ఉంది. ఇంటి పని అని మాట తప్పడం ఆమెకు చేతకాదు. పొద్దున్నే ఆటోలో పక్క ఊళ్లకు పోతే పొద్దుగూకేదాకా రాదు. మా చేను వైపు చూసే తీరికే ఆమెకు లేదు.

శనివారం బస్సు దిగి ఇంటికి పోతే నాయన నన్ను చేనుకు తీసుకుపోయాడు.

"మీ అమ్మ మనుషులు ఊరూరి చేలు అయినాక మన దానికి వస్తారు. అంతలోకి గడ్డి పైరును మింగుతాది. నువ్వు చదివినోడివి గదా, ఈ విత్తనం మందుకు ఆగుతాదంటావా?"

చదివినోణ్ణి కాబట్టి ఒక ఉపన్యాసం ఇచ్చాను. జన్యువు నిజమే, అమ్మేవాళ్లలో దొంగలున్నదీ నిజమే, చూసి గింజను గుర్తుపట్టలేం, పరీక్ష చేయాలి. "తొందరపడొద్దు నాయనా. ముందు ఒక్క సాలు మీద కొట్టి పది రోజులు చూద్దాం. బతికితే చేనంతా కొట్టు. చస్తే మనకు పోయేది ఒక్క సాలే" అన్నాను. నాయన నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. నా డిగ్రీలన్నిటికీ ఆ రోజే ఫలితం వచ్చినట్టు చూశాడు. అమ్మకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. గొడవెందుకని.

బాట పక్కనున్న మొదటి సాలు మీద మందు కొట్టాం. దగ్గరగా ఉంది కాబట్టి అదే ఎంచుకున్నాను. వేరే కారణం లేదు. పది రోజులకు పోయి చూస్తే సాలు మధ్య గడ్డి ఎండుగడ్డయింది, పత్తి పచ్చగా నిలబడింది. ఆరేడు మొక్కలు మాత్రం అక్కడక్కడా చచ్చాయి. నాయన వాటిని చూపించి "ఇవేంది?" అన్నాడు. ఏ విత్తనంలోనైనా నూటికి కొన్ని తేడా ఉంటాయని చెప్పాను. ఎంత ధీమాగా చెప్పానంటే, నేనే నమ్మాను.

మరుసటి రోజు నాయన కూలి మనిషిని పెట్టుకుని, వీపుకు తగిలించుకునే తైవాన్ పంపుతో మూడెకరాలూ కొట్టాడు. వారం తిరిగేసరికి ఆకులు పసుపు పట్టాయి. రెండో వారానికి చేను మొత్తం, గడ్డీ పత్తీ తేడా లేకుండా, ఒకే రంగుకు వచ్చింది. బాట పక్క ఆ ఒక్క సాలు మాత్రం నిగనిగలాడుతూ ఉంది.

అమ్మకు ఎవరో చెప్పారు. ఆ రోజు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. ఆమె ఇంటికి రాకుండా నేరుగా చేనుకు పోయింది. నేను వెనకాలే పోయాను. నాయన అప్పటికే ఆ మోటారు సైకిలు మనిషిని వెతకడానికి యర్రగొండపాలెం బస్సెక్కాడు. అమ్మ చేనంతా చూసి, బాట పక్క సాలు దగ్గర ఆగింది.

"ఇదొక్కటీ ఎట్ల బతికింది?" అని నేనే అడిగాను.

"ఇది గంపలో గింజ" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చాలా మామూలుగా చెప్పింది. అందరూ ప్రార్థన గింజలను సంచిలో కలిపేస్తారు. మా నాయన కూడా ఆమె అట్లనే కలిపిందనుకున్నాడు. ఆమె కలపలేదు. "దొంగ విత్తనంలో దేవుని గింజలు కలపబుద్ధి కాలే. అందుకే విడిగా ఈ సాలులో పెట్టినా" అంది.

గంపలో ఉన్నవి ఊరందరి గింజలు. ఊళ్లో ఎక్కువమందివి అసలైనవే. నేను పది రోజులు పరీక్ష చేసింది మా విత్తనాన్ని కాదు, ఊరి విత్తనాన్ని. చచ్చిన ఆ ఆరేడు మొక్కలు మామూలు పత్తి వేసిన కొద్దిమందివి. అవి నిజం చెబుతుంటే నేను వాటికి నూటికి కొన్ని అని లెక్క చెప్పాను. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత ఎవరి కోసం పుట్టిందో ఆ గట్టు మీద నాకు తెలిసింది.

"నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని గదా నాయనా" అంది అమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గింజ పెట్టిన మనిషిని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమే. అడగకూడదని అనుకున్నాం.

ఆ చేన్లో ఆలస్యంగా ఉలవలు చల్లాం. చేను గలాయన వచ్చి చూసి, మరుసటి ఏడు వేరేవాళ్లకు ఇస్తున్నానని మర్యాదగానే చెప్పి పోయాడు. విత్తనం అమ్మిన మనిషి దొరకలేదు. ఒక సాలుకు సరిపడా అసలైనవి పెట్టి మిగతాదంతా నకిలీ అంటగట్టాడని, తప్పంతా ఆయనదేనని నాయన నమ్మాడు. తప్పు ఆయనదే, కానీ అంతా కాదు.

చేను గలాయన వచ్చి పోయాక వచ్చిన ఆదివారం చర్చికి బయలుదేరేముందు, నాయనకు ఉన్నదున్నట్టు చెప్పేస్తానని అమ్మతో అన్నాను. ఆమె బైబిలు గుడ్డలో చుట్టుకుంటూ తలెత్తకుండానే అంది, "చేను ఎట్లాగూ పోయింది. ఆయనకు కొడుకు చదువన్నా మిగలనీ."

చర్చిలో దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నాయన లేచాడు. నష్టం వచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు, ఏం చెబుతాడా అని అందరూ తిరిగి చూశారు. "దొంగ విత్తనం వల్ల పోయినాం. మా వాడు మాత్రం ముందే హెచ్చరించినాడు. ఒక సాలు చూసినాకనే కొట్టమన్నాడు. వాని మాట పొల్లు పోలేదు. మీరు కూడా వాణ్ణి అడిగి చేయండి. ఇట్లాంటి కొడుకునిచ్చినందుకు దేవునికి స్తోత్రం" అన్నాడు.

ఆడవాళ్ల వైపు చూశాను. అమ్మ కొంగు తల మీదికి సర్దుకుని నన్నే చూస్తోంది. లేచి నిలబడడానికి నాకు చాలా సమయం ఉంది. నా చుట్టూ అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.