ఏడు గంటల పాట

తొంభై ఆరు జూన్‌లో బెంగళూరు అంచున యలహంకలో దిగాను. అంతకుముందు ఉన్నది మంచుకొండల మీద. ఒంటి మీద ఉన్ని కోటు, బయట సన్నటి జల్లు; రెండింటికీ పొత్తు కుదరలేదు. ఈసారి నాకు అప్పగించిన సరిహద్దు ఒక సైనిక సామాన్ల డిపో గేటు. ఇసుక బస్తాల బంకరు, వైర్‌లెస్ సెట్టు, వేలాడదీసిన రైలు పట్టా ముక్క. గంటకోసారి దాని మీద గంట కొట్టాలి. దెబ్బలు జంటలు జంటలుగా పడాలి. ఏడింటికి రెండు, రెండు, రెండు, చివర ఒంటరిగా ఒకటి.

కొట్టేది లాన్స్ నాయక్. ఆనేకల్ మనిషి, కొండ మీదా నాతోనే ఉన్నాడు. అక్కడి ఫిరంగులు అతని చెవులను తినేశాయి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. బయటపడితే నాయక్‌గా ప్రమోషన్, భుజానికి రావలసిన రెండో చార, రాదు. గడియారం నా చేతికే ఉండేది, కేకేస్తే అతనికి వినబడదు; అందుకే వేళ కాగానే ఆ భుజం నేను తట్టేవాణ్ణి. అతను రెండు దెబ్బలు కొట్టి, పట్టాకు అరచెయ్యి ఆనించి, వణుకు ఆగాకే తర్వాతి జంట కొట్టేవాడు.

"ఎందుకప్పా అంత నిదానం?" అని అతనికి కనబడేలా పెదవులు కదిపి అడిగాను.

"ఊరంతా ఇంటా ఉండాదన్నా. సరిగ్గా ఇనబడొద్దా?"

గోడ అవతల ఖాళీ కోళ్ల షెడ్డు. సాయంత్రాలు నలుగురు కాలేజీ కుర్రాళ్లు అక్కడ రాక్ పాటలు కట్టేవాళ్లు. నిలిచేవి తక్కువ, కూలేవి ఎక్కువ.

ఒకరోజు వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్ గొంతు.

"గేటూ! మీవాడు గంట కొడుతున్నాడా, ధ్యానం చేస్తున్నాడా?"

"కొడుతున్నాడు సాబ్."

"రేపు సాయంత్రం ఏడింటికి వచ్చి నేనే వింటా."

వచ్చాడు. మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. తట్టే దారి లేదు. నా గడియారంలో ముల్లు కదులుతోంది. లాన్స్ నాయక్ గోడకు చెయ్యి ఆనించి ఎటో చూస్తున్నాడు. అవతల డ్రమ్ములు ఆగాయి. అతను గబగబా వచ్చి సుత్తి ఎత్తాడు. రెండు, రెండు, రెండు, ఒకటి.

"టైము కరెక్టే," అని సాబ్ వెళ్లిపోయాడు. భుజం ఎవరు తట్టారో నాకు అంతుపట్టలేదు.

అతనికి రెండో చార వచ్చింది. నాకు బదిలీ వచ్చింది. ఆ కుర్రాళ్ల క్యాసెట్ కూడా వచ్చింది. అందులో ఏడు దెబ్బల పాట ఒకటి బెంగళూరు కాలేజీలన్నింటికీ పాకింది. మధ్యమధ్య ఆగి ఆగి నడిచే పాట.

రెండువేల నాలుగులో, పదవీ విరమణ తర్వాత, మహదేవపురలో ఒక కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. మళ్లీ గేటే. అక్కడి మైదానంలో ఆ కుర్రాళ్ల కచేరీ అంటే నా పాత లాన్స్ నాయక్‌ను పిలిపించాను. మొదలవకముందే డ్రమ్మరు దగ్గరికి తీసుకెళ్లి, "గంట కొట్టింది ఈయనే," అన్నాను.

అతను డ్రమ్ముపుల్లలు చంకలో పెట్టుకుని దండం పెట్టాడు. "సార్, డైలీ సెవెన్‌కి మీ గంట కోసమే ప్రాక్టీస్ ఆపేవాళ్లం. ఆ గ్యాప్‌లోంచే పాట పుట్టింది."

ఆ మాట నేను పెదవులు కదిపి మావాడికి చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "లేదప్పా. ఈయన తట్టేకి ముందే నాకు తెలుస్తా ఉండె. మీరు ఆపితే గోడ గమ్మునయ్యేది. అప్పుడే కొడ్తా ఉంటి."

ఇద్దరూ తీర్పు కోసం నా వైపు చూశారు. నాకు గేటు తాళమే తప్ప పాట తాళం తెలియదు. ఎవరి వెనక ఎవరు నడిచారో ఇప్పటికీ తేలలేదు.

కచేరీ అయ్యాక అతన్ని ఆనేకల్ బస్సెక్కించి ఇంటికొచ్చాను. యుద్ధం గురించి చెప్పమని అపార్ట్‌మెంట్ వాళ్లు అడిగినప్పుడల్లా నాకు ఆ కచేరీయే కళ్లకు కడుతుంది. పెద్ద స్పీకరు పెట్టెకు ఎడమ అరచెయ్యి ఆనించి అతను నిలబడ్డాడు. ఏడు దెబ్బల పాట మధ్యలో ఆగింది. జనం అరుస్తున్నారు. అతను పెట్టె వణుకు పోయేదాకా ఆగాడు. ఖాళీ కుడిచెయ్యి సుత్తి ఎత్తినట్టు లేచి, దిగింది.

సరిగ్గా అప్పుడే డ్రమ్ము మోగింది.