కండక్టరు కాళ్లు కడిగిన చెలమ

కండక్టరు తాగే నీళ్లలో కాళ్లు కడుక్కున్నాడు. అరవైల్లో మాట. చిట్టమూరు దాటాక సముద్రపు ఒడ్డున మా బస్సు చెడిపోయింది. అక్కడ చాపలు అల్లే ఒక సాయిబుల ఆవిడ బిందె నింపుకోవడానికి ఇసకలో చేత్తో తవ్వుకున్న చెలమ అది.

"పక్కనే అంత సముద్రం ఉంటే నీ కాళ్లకు చాలలేదా?" అని అరిచాను.

"ఇసకలో గుంటే కదన్నా" అని నవ్వాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె మురికినీళ్లను కొబ్బరిచిప్పతో తోడి మునగమొక్కకు పోసింది. కొత్తనీరు ఊరేదాకా కూర్చుని, మొదటి చిప్పెడు నాకే ఇచ్చింది. తియ్యగా ఉన్నాయి.

"ఎట్లా ఊరుకున్నావక్కా?" అని ఆమె మీదా కోప్పడ్డాను.

"గాలివానకు సముద్రం మీదికొచ్చి, మూడేండ్లు ఇక్కడ ఉప్పునీళ్లే ఊరినాయన్నా. ఇప్పుడు మళ్లా తియ్యనీళ్లు వస్తా ఉండాయి. వాటిని చూసుకోనా, వాడితో కొట్లాడతా కూర్చోనా?"