తాకని బంతి

నా చిన్నప్పుడు, శంషాబాద్ పక్కన విమానాలు దిగడం మొదలైన కొత్తలో, మా ఊరి పిల్లలకు ఆడుకునే జాగా లేకుండా పోయింది. పాత మైదానం విమానాశ్రయం ప్రహరీగోడకు అవతల ఉండిపోయింది. మిగిలింది ఊరి చివరి వెంచర్ ఒక్కటే. ప్లాట్లు కొలిచి, హద్దు రాళ్లు పాతి, కొనేవాళ్ల కోసం వదిలేసిన నేల అది. అందులో పార్కుకని ఉంచిన చదును స్థలంలో మేము ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. మిగిలిపోయిన హద్దు రాళ్లనే రెండు చివర్లా నిలబెట్టి గోలు స్తంభాలు చేసుకున్నాం.

జట్టులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ముందుండి ఆడే చోటు మగపిల్లలు నాకు వదల్లేదు కనుక గోలుకీపర్‌నయ్యాను. ఆ చోటు నాకు నచ్చింది. మైదానం మొత్తం ఒక పటంలా కళ్ల ముందు కనిపించేది అక్కడి నుంచే.

అదే స్థలంలో ఇంకో జట్టు కూడా ఆడేది. దాని నాయకుడు ఒక కాంట్రాక్టరు కొడుకు, నాకంటే మూడు తరగతులు పెద్ద. బంతి అతనిది, బూట్లు ఉన్నది అతనికే, చివరి మాట కూడా అతనిదే. ఒక సాయంత్రం అతను కొట్టిన బంతిని నేను నేలమీద పడి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. బంతి పూర్తిగా ఆగిపోయింది. అతను పరుగున వచ్చి, నా చేతుల్లో ఉన్న ఆ బంతిని బూటుతో తన్నాడు. బంతి రాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. నా ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. నేను వేలు పట్టుకుని కూర్చుని ఉండగానే అతను గోలు అని అరిచాడు. అందరూ ఒప్పుకున్నారు, మా జట్టువాళ్లు కూడా.

“పట్టుకునుడు చాతకాకుంటే గోల్ల ఎందుకు నిలబడ్డవే? పోయి ఇంట్ల బోళ్లు తోముకో,” అన్నాడు. నవ్వినవాళ్లలో మా జట్టులోనే ఆడే మా అన్న కూడా ఉన్నాడు.

దవాఖానలో చిటికెన వేలిని పక్క వేలితో కలిపి పట్టీ వేశారు. నొప్పి తగ్గింది కానీ కసి తగ్గలేదు. కళ్లలో కారం కొట్టాలా, బూట్లు ఎత్తుకెళ్లి బావిలో వేయాలా అని లెక్కలు వేశాను. చివరికి బంతిని కోసేద్దామని నిర్ణయించి, జామెట్రీ బాక్సులో ఒక బ్లేడు దాచాను. అది మా మేనత్త కంటబడింది.

మా మేనత్త నాన్నకు చెల్లెలు, నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. పట్నంలో కాలేజీ చదువుతూ ఫుట్‌బాల్ ఆడింది, బడి పిల్లల పోటీలకు రెఫరీగా కూడా వెళ్లింది. అప్పట్లో విమానాశ్రయంలో సామాన్లు తూచే చోట పనిచేస్తూ మా ఇంట్లోనే ఉండేది. ఆమె నన్ను తిట్టలేదు. బ్లేడు ఎందుకని అడిగింది, నేను మొత్తం చెప్పాను. కీపర్ చేతుల్లో ఉన్న బంతిని తన్నడమే తప్పని, అది గోలే కాదని ఆమె అంటే నాకు ఏడుపొచ్చింది. ఆ మాట ఆ సాయంత్రం ఒక్కరైనా అని ఉండాల్సింది.

“బంతి కోస్తే ఏమైతది? వాళ్ల నాయన ఇంకోటి కొనిస్తడు. కోపం గిట్ల ఖరాబు చేసుకోకు బిడ్డా. జర దాచిపెట్టుకో,” అంది.

మర్నాటి నుంచి ఇంటి వెనక సాధన మొదలైంది. ఆమె నాకు ఎవరూ పట్టించుకోని ఒక నిబంధన నేర్పింది. కొన్ని తప్పులకు రెఫరీ ఎదుటి జట్టుకు ఇచ్చేది ఇండైరెక్ట్ ఫ్రీకిక్. అప్పుడు ఆయన ఒక చెయ్యి నిటారుగా పైకెత్తి ఉంచుతాడు. ఆ కిక్ కొట్టినవాడు కాక మరొకరు బంతిని తాకితేనే గోలు. ఎవరూ తాకకుండా నేరుగా లోపలికి పోతే అది గోలు కాదు, మనకే గోల్‌కిక్, అంటే మన గోలు ముందు నుంచి బంతి తన్నే అవకాశం, వస్తుంది. అయితే కీపర్ వేలి కొస తగిలినా, అడ్డం నిలబడినవాడి చొక్కా రాసుకున్నా గోలే. అందువల్ల చెయ్యి లేచి ఉన్నప్పుడు, నేరుగా గోలులోకి వచ్చే బంతికి అందరికంటే మంచి అడ్డు ఏ అడ్డూ లేకపోవడమే.

అర్థం చేసుకోవడం ఒక్క నిమిషం పని. చేయడం అలా కాదు. అత్తమ్మ డ్యూటీ బూట్లతోనే బంతిని నా మీదికి కొట్టేది. కొన్నిసార్లు కొట్టే ముందు చెయ్యెత్తేది. ఎత్తితే నేను పక్కకు జరగాలి, ఎత్తకపోతే కుడిచేత్తో ఆపాలి. నా చేతులు నా మాట వినేవి కావు. చివరికి చేతులు వెనక్కి కట్టుకుని, కుడిచేత్తో ఆ విరిగిన వేలిని పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. వేలు జివ్వుమంటే చేతులు కదిలేవి కావు.

వేలు కుదుటపడే సమయానికి కాంట్రాక్టరు కొడుకే పందెం తెచ్చాడు. ఒకే మ్యాచ్, ఓడిన జట్టు ఇక వెంచర్‌లో అడుగుపెట్టకూడదు. మాకు మరో మైదానం లేదు కనుక ఓడితే మా ఆట అక్కడితో ముగిసినట్టే. అత్తమ్మ మా బడి డ్రిల్లు సారును రెఫరీగా ఒప్పించింది. సారు నేలమీద సున్నంతో గీతలు గీసి, అన్ని నిబంధనలూ పాటిస్తానని రెండు జట్లకూ చెప్పి, ఏమైనా వివరించాలా అని అడిగారు.

“రూల్సు మాకెర్కే సారు. ఆ పిల్లకు చెప్పుర్రి,” అన్నాడు కాంట్రాక్టరు కొడుకు.

అత్తమ్మ మా అన్నను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. తరువాత ఒక పాత బంతి చంకన పెట్టుకుని నా గోలు వెనక నిలబడింది. నాకు ధైర్యం ఇవ్వడానికే నిలబడిందనుకున్నాను.

ఆట చివరి నిమిషాల వరకు ఎవరికీ గోలు పడలేదు. అప్పుడు మావాడొకడు బెదిరి, బంతిని వెనక్కి నా వైపు తన్నాడు. మనవాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేతులతో పట్టుకుంటే ఇండైరెక్ట్ ఫ్రీకిక్. కాంట్రాక్టరు కొడుకు ఇంకా దూరంలోనే ఉన్నాడు. కాలితో కొట్టి బయటికి పంపే వ్యవధి నాకుంది. నేను వంగి, రెండు చేతులతో బంతిని తీసుకున్నాను.

సారు ఈల ఊదారు. చెయ్యి పైకి లేచింది.

మావాళ్లు అడ్డుగోడ కట్టబోయారు. పక్కకు జరగమని అరిచాను. “పిచ్చి లేసిందా నీకు?” అని ఒకడు నా మీదికొచ్చాడు. “ఎవ్వలు తాకద్దు! తాకితెనే గోలు! అత్తమ్మ మీద ఒట్టు!” అన్నాను. నమ్మారో, గోలు వెనకున్న అత్తమ్మ ముఖం చూశారో, ఒక్కొక్కరే తొలగిపోయారు. నేనూ రాయి పక్కకు జరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

కాంట్రాక్టరు కొడుకు ఎదుట ఇప్పుడు రెండు రాళ్లు, వాటి మధ్య ఖాళీ నేల తప్ప ఏమీ లేవు. సారు చెయ్యి ఇంకా పైనే ఉంది. అతను దానివైపు చూడనైనా లేదు. “అరే, భయపడి బాట ఇచ్చిన్రురా!” అని నవ్వి, నా వైపు చూస్తూ ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి నా పక్కనుంచి వెళ్తుంటే దాని గాలి చెంపకు తగిలింది. నా కుడిచేతి పట్టులో వేలు నలిగింది. నేను కదల్లేదు.

అతను చొక్కా విప్పి తిప్పుతూ పరుగెత్తాడు. వాళ్ల కీపర్‌తో సహా అందరూ వచ్చి అతని మీద పడ్డారు. సారు చెయ్యి దించి, గోల్‌కిక్ అని నా వైపు చూపించారు. అదే క్షణంలో, “ఇగ కొట్టవే!” అంటూ వెనకనుంచి అత్తమ్మ పాత బంతిని నా కాళ్ల ముందుకు దొర్లించింది. ఆమె అక్కడ ఎందుకు నిలబడిందో అప్పుడు అర్థమైంది.

మా అన్న ఎక్కడున్నాడో కూడా అప్పుడే చూశాను. అతను వెనక్కి రాలేదు. అవతలి గోలు ముందు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అలా అవతలి గోలు ముందు కాపు కాసి బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ అనే తప్పు, కానీ గోల్‌కిక్ నుంచి నేరుగా అందుకున్నవాడికి అది వర్తించదు. అత్తమ్మ అతని చెవిలో చెప్పింది అదే. నేను తన్నిన బంతి సున్నపు గీత దాటి, ఆ ఆలింగనాల గుంపు పక్కనుంచి దొర్లి, అన్న కాళ్ల దగ్గరికి చేరింది. అతను దాన్ని ఖాళీ గోలులోకి నెమ్మదిగా నెట్టాడు.

కాంట్రాక్టరు కొడుకు చొక్కా చేతిలో పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాడు. “గట్లెట్ల సారు? మేము కొట్టింది గోలు కాదా?” సారు నిబంధన మొదటి నుంచి చివరి వరకు, ఊరి పిల్లలందరూ వింటుండగా చెప్పారు. వింటున్న అతని ముఖాన్ని నేను తొందర లేకుండా చూశాను. కాసేపటికి సారు ఆట ముగిసిందని ఈల ఊదారు. నేను అతని దగ్గరికి వెళ్లి, “బోళ్లు తోముడైంది. ఇగ మీరు పోవచ్చు,” అన్నాను.

ఇంటికి నడుస్తుండగా అత్తమ్మ అడిగింది, “ఆ బంతిని కాలుతోని తన్నరాదా? చేత్తో ఎందుకు పట్టినవే?” నేను ఎడమచేతి చిటికెన వేలు ఎత్తి చూపించాను. ఆమె నా జడ పట్టుకుని ఒకసారి గుంజి నవ్వింది.

ఇప్పుడు మా అన్న పిల్లలు నన్ను అత్తమ్మా అని పిలుస్తారు. నేను కట్టడాల ఇంజనీరునయ్యాను. సమావేశాల్లో గొంతు పెంచే కాంట్రాక్టర్లు ఎదురవుతూనే ఉంటారు. వాళ్లు సంతకం పెట్టిన షరతును వాళ్లే చదవకుండా నా మీద అరుస్తున్నప్పుడు నేను అడ్డు చెప్పను, చివరిదాకా అరవనిస్తాను. ఆ కాంట్రాక్టరు కొడుకును ఎప్పుడైనా క్షమించావా అని పిల్లలు అడుగుతారు. లేదనే చెబుతాను. ఆ చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా సాగదు. నా చేతులు వెనక్కి వెళ్లి, కుడిచెయ్యి ఆ వేలిని పట్టుకుందంటే, ఎదుటివాడు కొట్టబోతున్నాడని, నేను పక్కకు జరిగానని అర్థం.