నిలబడి పాఠం విన్న పద్మక్క

నిన్న పొద్దున మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పద్మక్క ఫొటో కనిపించింది.

రిజల్ట్స్ వచ్చాయనుకున్నా. పాసైంది కాబట్టి ఫొటో పెట్టారనుకొని చప్పట్ల ఎమోజీ కూడా కొట్టేశా.

తర్వాత కింద రాసింది చదివా.

ఆ చప్పట్లు డిలీట్ చేయడానికి కూడా వేళ్లు రాలేదు. నల్లా దగ్గర నీళ్లు పడుతూ కూలిపోయిందట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పద్మక్క, నేను వరంగల్‌లో ఒకే పవర్‌లూమ్ షెడ్‌లో మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లం. ఇద్దరం కలిసే డిస్టెన్స్‌లో క్రిమినల్ జస్టిస్ కోర్సులో చేరాం. పోలీసులు, కోర్టులు, జైళ్లు ఎలా పనిచేస్తాయో మొదటినుంచి చెప్పే చదువు. ఆదివారాలు క్లాసు.

నన్ను లాక్కెళ్లింది ఆమే. కుట్టుమిషన్ నేర్చుకుందాం అక్కా అంటే వినలేదు.

వాళ్ల బాపును ఎప్పుడో ఏదో అడగడానికి స్టేషన్‌కు పిలిచారట. సాయంత్రానికి పంపేశారు. ఒక్క మాట అనలేదు. అయినా ఆయన బతికినన్నాళ్లూ ఆ రోడ్డున పోలేదు. చుట్టు తిరిగి మార్కెట్‌కు పోయేవాడు.

"ఏమనకున్నా గంత భయమెందుకైందో నాకు తెల్వాలె" అనేది అక్క.

మొదటి క్లాసుకు వచ్చిన సార్ రిటైర్డ్ పోలీస్ ఆఫీసర్. ఆయన రాగానే అందరం లేచాం, కూర్చున్నాం.

అక్క కూర్చోలేదు.

"కూర్చోమ్మా" అన్నారు సార్.

"పర్లేద్సార్."

టిఫిన్ డబ్బా పొట్టకు హత్తుకొని గంటసేపు అలాగే నిలబడింది. "నీకు మార్కులు రావక్కా, మోకాళ్ల నొప్పులొస్తయ్" అని బయటికొచ్చాక ఏడిపించా. నవ్వేసింది.

మూడో వారం ఆమే చెయ్యెత్తింది.

"సార్, స్టేషన్ల లోపటికి పోయేటప్పుడు చెప్పులు బయట విడువాల్నా?"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. మా గల్లీవాళ్లు మరి అందరూ స్టేషన్ బయట విడిచే పోతారు.

"గుడి కాదమ్మా. చెప్పులేసుకొనే పో. కూర్చొని మాట్లాడు" అన్నారు.

అక్క ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకొని కింద రెండు గీతలు గీసింది.

ఆ తర్వాత రోజూ మగ్గాల చప్పుడులో నా చెవి దగ్గర అరిచి మరీ పాఠం అప్పజెప్పేది. నిజంగా లాయర్ అయిపోతుందేమో అనుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. రాయడానికి భయమేస్తోంది.

పోయిన నెల మా షెడ్‌లో నూలు మూటలు పోయాయి. మాతో పనిచేసే మల్లేశమన్నను పట్టుకున్నారు. కానీ మూటలు పోయిన రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆయన నాతోనే ఉన్నాడు. సోయి లేకుండా పడిపోయిన మా అమ్మను దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. పోలీసులకు అదే చెప్పాడు. నిజమో కాదో కనుక్కోవడానికి వాళ్లు మా ఇంటికొచ్చారు.

మా గల్లీలో ఒక అలవాటుంది. పోలీస్ బండి కనిపిస్తే ఎవరో ఒకరు షెడ్ మెయిన్ స్విచ్ ఆపేస్తారు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. దాంతో అందరికీ తెలిసిపోతుంది, తలుపులు పడిపోతాయి.

వాళ్లొచ్చిన రోజు కూడా మగ్గాలు ఆగాయి. గుమ్మంలో నిలబడి పోలీసాయన అడిగాడు, మల్లేశం మీతో ఉన్నాడా అని. తలుపుల వెనక నుంచి గల్లీ మొత్తం వింటోంది.

"నాకేం తెల్వద్సార్" అన్నా.

సాక్షుల చాప్టర్ మొత్తం చదివినదాన్ని. పరీక్షలో రాసినదాన్ని. అయినా నోరు దానంతటదే అబద్ధం చెప్పింది.

మల్లేశమన్న ఇప్పుడు జైల్లో ఉన్నాడు. వాళ్లావిడ నన్నేమీ అనదు. నల్లా దగ్గర కనిపిస్తే నా బిందె ముందుకు జరుపుతుంది. తిడితే బాగుండు అనిపిస్తుంది.

పద్మక్క ఒక్కదానికే చెప్పుకున్నా. తిట్టలేదు.

"భయపడ్డవ్. మా బాపు బిడ్డను, నాకు తెల్వదా? సోమవారం స్టేషన్‌కు పోదాం. భయానికి అట్ల చెప్పిన అని ఆడి సార్‌తోని చెప్పు. దవాఖాన చీటీ పట్కరా. నేను పక్కన కూసుంట."

సోమవారం అంటే రేపు.

మా ఆయన వద్దంటున్నాడు. "కొరివితోని తల గోక్కుంటవా? మొదలు అబద్ధం చెప్పిన అంటే నీ మీదనే కేసైతది" అంటాడు. కావచ్చు. ఆ భయం నాకూ ఉంది. అక్క ఉంటే పుస్తకం తీసి చూసి చెప్పేది.

సిగ్గు విడిచి ఒకటి చెప్తా. నిన్న ఆ ఫొటో చూసినప్పుడు ఏడుపుకంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది.

ఇక రేపు పోకపోయినా అడిగేవాళ్లు లేరు అని.

ఆ ఆలోచన వచ్చినందుకు పోలీసులకంటే నన్ను చూసే నాకు ఎక్కువ భయమేసింది. అందుకే ఇక్కడ పోస్టు పెడుతున్నా. ఇప్పుడు మీ అందరికీ తెలుసు. రేపు పోకపోతే మీరు అడగండి.

ఇది రాస్తుంటే బయట బండి ఆగింది. పోలీసులనుకొని తలుపేశా. పాలాయన.

చీటీ సంచిలో పెట్టుకున్నా. రేపు పదింటికి బయల్దేరతా. స్టేషన్ గుమ్మం దగ్గర నా కాళ్లు వాటంతటవే చెప్పులు విడుస్తాయని తెలుసు. విడిస్తే మళ్లీ వేసుకుంటా. పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది, అయినా కూర్చొనే చెప్తా.

పోయి రా పద్మక్కా.

నువ్వు లేచి నిలబడాల్సినవాళ్లు అక్కడెవరూ ఉండరు. ఇకనన్నా నిమ్మలంగ కూర్చో.