టీచరమ్మ వేలి దగ్గరి పువ్వు

మా పక్కింటి టీచరమ్మ ఈ నెల మొదట్లో చనిపోయారు. రాత్రి పడుకున్నవారు పొద్దున లేవలేదు. అమ్మ వచ్చి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వానలు ఇప్పుడే పడ్డాయి. అడవిలో పువ్వులు ఇప్పుడే మొదలయ్యాయి. సరిగ్గా ఇప్పుడే పోవాలా?

ఆమె రిటైరైన లెక్కల టీచర్. ఆదివారాలు నాకు ట్యూషన్ చెప్తున్నారనే మా ఇంట్లో అనుకునేవారు. నిజానికి మేమిద్దరం ములకలపల్లి రోడ్డు దాటి, గుట్ట వెనక అడవిలో మొక్కల ఫొటోలు తీసేవాళ్లం. ఎలుగుబంటి తిరుగుతోందని నాన్న అటు వెళ్లొద్దన్నాడు. నాకూ భయమే. ఆకు కదిలినా ఆమె కొంగు పట్టుకునేదాన్ని.

"కొంగిడిచి ఫోన్ పట్టుకో. పదిహేడో ఎక్కం చదువుకుంట తియ్యి, భయం పోతది."

ఆమెతో ఫొటోలు తీయడమంత విసుగు ఇంకోటి లేదు. పువ్వు తీస్తే ఆకేదంటారు. ఆకు తీస్తే దాని వెనకవైపేదంటారు. గాలి ఆగేదాకా కదలనివ్వరు. ఫిల్టర్ వేస్తే డిలీట్ చేయించేవారు.

"దాని రంగు దానికుంది. నువ్వేంది పూసేది?"

ఆమెను తీస్తానంటే మాత్రం మొహం తిప్పుకునేవారు. "నేనేమన్న మొక్కనా?"

అందుకే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫొటో దొరకలేదు. వాళ్లబ్బాయి ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు మీదిదే మిగిలింది. అందులో ఆమెను ఆమే గుర్తుపట్టరు.

నా ఫోన్లో ఒకటుంది. పోయిన వానాకాలం అడవినాభి పువ్వును నా వైపు తిప్పబోతే "ముట్టకే, విషం!" అని అరిచారు. ఉలిక్కిపడి నొక్కేశాను. నోరు తెరిచి, వేలు చూపిస్తూ ఆమె. వెనకంతా అడవి. ఇస్తే నాన్నకు తెలిసిపోతుంది. ఫోనూ పోతుంది, అడవీ పోతుంది. దాచుకున్నాను. ఆధార్ ఫొటోనే ప్రింటుకు పంపుతున్నారని విన్నాక భరించలేక వాళ్లబ్బాయికి పంపించేశాను.

వాళ్లు చెట్లన్నీ తీసేసి వెనక నీలం రంగు వేయించారు. పువ్వు కూడా పోయింది. దశదినకర్మ రోజు గేటుకు కట్టిన ఫ్లెక్సీలో ఆమె ఉత్త నీలాన్ని తిడుతున్నారు. నేను మాత్రం బతికిపోయాను.

"గట్ల ఎవర్ని తిడుతుందయ్యా?" అని ఒక పెద్దాయన నవ్వాడు.

"ఏమో, ఎవరికెరుక?" అన్నాడు నాన్న.

"నన్నే," అన్నాను. "ఆ వేలి దగ్గర పువ్వుండె నాన్నా. గుట్ట వెనక."

"ఏ గుట్టనే?"

చెప్పాను. నాన్న నా వైపు తిరగలేదు, ఫ్లెక్సీనే చూస్తున్నాడు. గాలికి అది ఊగుతోంది. ఆ నీలంలో ఆమె వేలు కదులుతూనే ఉంది.